తంగేడు మీద ఫిర్యాదు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నేను బోటనీ చెబుతాను. డాక్టర్లు కావాలనుకునే పిల్లలకు మొక్కల గురించి చెప్పడమంటే పెళ్ళికొచ్చినవాళ్ళకు పురాణం చెప్పడమే. వాళ్ళ మనసంతా భోజనాల మీద, అంటే ర్యాంకు మీద ఉంటుంది. అయినా నా గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది కాబట్టి క్లాసు నడుస్తుంది. పువ్వుల పాఠం వచ్చినప్పుడు మాత్రం నేను ఒట్టి చేతులతో వెళ్ళేదాన్ని కాదు. కొత్తపేటలో మా ఇంటి వెనక ఖాళీ ప్లాటులో తంగేడు పొదలుండేవి. పొద్దున్నే గోడ మీదుగా చెయ్యి చాచి రెండు రెమ్మలు తుంచి, లంచ్ బాక్స్ సంచిలో పైన పెట్టుకుని మెట్రో ఎక్కేదాన్ని.

క్లాసులో ఆ పసుపుపచ్చ పువ్వును వేళ్ళతో విప్పి చూపించేదాన్ని. ఐదు రేకులున్నా అన్నీ ఒక్కలా ఉండవని, పది కేసరాల్లో పైనున్న మూడూ గొడ్డువని చెప్పేదాన్ని. మిగతావాటిలో పుప్పొడి ఊరికే రాలదు. కేసరం కొసన సన్నటి రంధ్రం ఉంటుంది. తుమ్మెద వచ్చి పట్టుకుని జుమ్మని ఊపితేనే బయటికొస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళు కూడా ఒకసారి తలెత్తేవారు.

ఆ పొదల్ని కొట్టించింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన రోజున చెప్పలేదు.

అవి వాటంతట అవి మొలిచినవి కావు. మా పక్కింటావిడ వేసినవి. ఆమెది నల్గొండ దగ్గర పల్లె. భర్త బస్సు డ్రైవరు, ఈమె ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మా గల్లీలో సగం మంది ఆడవాళ్ళ కొలతలు ఆమె తలలోనే ఉంటాయి, ఎక్కడా రాసుకోదు. వయసులో నాకంటే పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. వాళ్ళింట్లో నేలంతా సిమెంటు, మొక్క పెట్టడానికి పిడికెడు మట్టి లేదు. అందుకని ఒకసారి ఊరికి పోయినప్పుడు చేను గట్టు మీది తంగేడు కాయలు కొంగున కట్టుకొచ్చి, వానలు మొదలవగానే వెనక ప్లాటులో చల్లింది. ఆ ప్లాటు యజమాని ఎవరో, ఏ దేశంలో ఉన్నాడో మాకెవరికీ తెలియదు. రాళ్ళు, విరిగిన టైల్స్, మొరం నేల. మరో మొక్కయితే బతకనని మొండికేసేది. తంగేడుకు అలాంటి చోటే ఇష్టం.

మొదట్లో నేనొకసారి పైపు పట్టుకుని వాటికి నీళ్ళు పెట్టబోతే ఆమె ఆపింది.

"నీళ్ళు పోస్తె సస్తది చెల్లె. దాని జోలికి పోవద్దు. దాన్నట్ల ఇడిచిపెట్టుడే దానికి ఎరువు."

నాలుగైదేళ్ళలో అవి నడుమెత్తు పొదలయ్యాయి. ఆమె వాటిని ఎన్ని రకాలుగా వాడుకునేదో చూస్తే నాకు నవ్వొచ్చేది. పూరేకులు చాటలో ఆరబెట్టి, షుగరుందని భర్తకు కషాయం కాచి ఇచ్చేది. ఎండాకాలం బజారుకు పోయేటప్పుడు నాలుగు రెమ్మలు నెత్తిన పెట్టుకుని పైన కొంగు కప్పుకునేది, చల్లగా ఉంటుందని. ఆమె మామగారు ఊరి నుంచి వస్తే పళ్ళు తోముకోవడానికి ఆ పుల్లే విరుచుకునేవాడు. దాని బెరడుతో తోళ్ళు పదును చేస్తారని నేను పుస్తకంలో చదివిన సంగతి చెబితే, "గది మా ఊర్లె చిన్నపోరగాళ్ళకు గూడ ఎరికే" అంది. చదువుకున్నదాన్ని కదా, ముఖం కొంచెం చిన్నబోయింది.

అన్నిటికంటే ముఖ్యం బతుకమ్మ. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, ముందుగా పేర్చేది తంగేడే. తర్వాతే గునుగు, బంతి, కట్ల పూలు. మార్కెట్లో తంగేడు దొరకదని కాదు, కానీ కోసిన రెండు గంటలకే రేకులు వేలాడేసి, మోసుకొచ్చేలోపు సగం రాలిపోతుంది. మా గల్లీ ఆడవాళ్ళు మాత్రం అప్పటికప్పుడు వెనక ప్లాటులో కోసుకుని పేర్చేవాళ్ళు. పక్క గల్లీల వాళ్ళు వచ్చి అడిగితే అక్క ముందు కొంచెం బెట్టు చేసి, తర్వాత తనే కోసిచ్చేది. ఆ తొమ్మిది రోజులు ఆమె మా గల్లీకి పెద్ద. నేను కోస్తా జిల్లా నుంచి వచ్చినదాన్ని, బతుకమ్మ నాకు పెళ్ళయి ఇక్కడికొచ్చాకే తెలుసు. నాకు చప్పట్ల వరుస నేర్పింది కూడా ఆమే.

మూడేళ్ళ కిందట వానాకాలంలో మా అమ్మాయికి డెంగీ వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజున మా ఆయనా నేనూ కారిడార్లో కుర్చీల్లో కూర్చుని ఒకరినొకరు చూసుకోలేకపోయాం. ఇంటికి తెచ్చాక అది మంచం మీద కందిపోయిన చేతులతో పడుకుని ఉంటే, నేను కిటికీలోంచి వెనక ప్లాటు వైపు చూశాను. పొదల మొదట్లో ఎవరో పారేసిన కవర్లు, కొబ్బరి చిప్పలు. ఆ చూపులో తంగేడు నాకు తంగేడులా కనబడలేదు, శత్రువులా కనబడింది. ఫోన్ తీసి మున్సిపాలిటీ యాప్‌లో ఫోటో పెట్టి రాశాను: "ఖాళీ ప్లాటులో పిచ్చి మొక్కలు. దోమలు, పాములు. వెంటనే తొలగించగలరు."

పాము అక్కడ ఏనాడూ లేదు. పాము అని రాస్తే తొందరగా వస్తారని మా స్టాఫ్‌రూములో ఎవరో అన్న మాట గుర్తుండి రాశాను. ఇక పిచ్చి మొక్క అన్న మాట. పిల్లలెవరైనా పరీక్షలో తంగేడుకు అలా రాస్తే కాగితం వాళ్ళ ముఖాన కొట్టి ఉండేదాన్ని.

జేసీబీ వారానికి వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గరపడింది, పొదల నిండా మొగ్గలు. నేను వంటింట్లో క్యారేజీ కడుతున్నాను. చప్పుడు విని కిటికీ దగ్గరికి వెళ్ళాను. కవర్లూ చిప్పలూ ఎత్తి, దోమల మందు కొట్టి పోతారని అనుకున్నాను గానీ ఇంత పెద్ద బండి వస్తుందనుకోలేదు. రెండు ఊపుల్లో పొదలు వేళ్ళతో సహా పైకి లేచాయి. తంగేడు వేరు ఎంత లోతుకు పోతుందో బొమ్మ గీసి చెప్పేదాన్ని గానీ, నిజంగా చూడటం అదే మొదటిసారి. పరుగెత్తి ఆపమనొచ్చు. నేను క్యారేజీ మూత బిగించి కోచింగ్ సెంటర్‌కు వెళ్ళిపోయాను.

దారిలో ఫోనుకు మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవతో తృప్తిగా ఉన్నారా అని. అలవాటు కొద్దీ ఐదు చుక్కలూ నొక్కాను.

అక్క ఆ రోజు ఏదో పని మీద వాళ్ళ ఊరికి పోయి సాయంత్రానికి వచ్చింది. సంచి దించకుండానే వెనక్కి వెళ్ళి చూసి, నేరుగా మా గేటు దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ముఖం మాత్రం పాలిపోయి ఉంది.

"చెల్లె, నువ్వు చదువుకున్నదానివి. ఎవలు కంప్లైంట్ ఇచ్చిండ్రో ఫోన్ల ఏమన్న కనవడ్తదా?"

ఆ ఫోను నా చేతిలోనే ఉంది.

"తెలీదక్కా. నేను క్లాసులో ఉన్నాను" అన్నాను.

ఇంత చిన్న అబద్ధం. మర్నాడో ఎల్లుండో నెమ్మదిగా చెబుదామనుకున్నాను. నిజాన్ని వాయిదా వేసే అందరూ ఇలాగే అనుకుంటారు.

కానీ మర్నాడు పొద్దున్నే కూరగాయల బండి దగ్గర వ్యవహారం వేరే దారి పట్టింది. ఎదురింటి పై వాటాలో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కిరాయికుండేది. భర్త దిల్‌సుఖ్‌నగర్లో సెల్‌ఫోన్ల షాపులో పని చేసేవాడు. మూడేళ్ళ పాప. ఆ అమ్మాయి మనసులో ఏమున్నా బయటికి అనేసే రకం. వారం ముందు ఇదే బండి దగ్గర, "ఆ పొదల్లోంచి దోమలొచ్చి చంపేస్తున్నాయండీ, ఎవరైనా కంప్లైంట్ ఇస్తే బావుణ్ణు" అని అందరూ వినేలా అంది. జేసీబీ వచ్చిన రోజున డ్రైవరుకు మంచినీళ్ళు కూడా ఇచ్చింది. గల్లీకి ఇంకేం సాక్ష్యం కావాలి?

అక్క ఆమెను నిలేసింది.

"మీ దిక్కు బతుకమ్మ లేదు, మీకేం ఎరుక? పండుగ ముంగట పూలచెట్టును పెరికిపిస్తరా? ఎవలన్న జేస్తరా గా పని?"

"నేను అన్న మాట నిజమే ఆంటీ. కానీ కంప్లైంట్ నేనివ్వలేదు. ఒట్టు."

"మరి ఎవలిచ్చిండ్రు? చెట్టే పోయి ఇచ్చుకుందా? పచ్చని చెట్టును కొట్టిపిచ్చినోళ్ళ ఇల్లు పచ్చగుండది, చెప్తున్న."

ఆ అమ్మాయి చుట్టూ చూసింది. ఎవరైనా ఒక్కరు తన తరఫున మాట్లాడతారేమోనని ఒక్కొక్క ముఖమూ చూసింది. నా వంతు వచ్చేసరికి నేను బీరకాయ చేదేమో చూస్తున్నట్టు గోటితో గిల్లుతూ తల వంచుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. నేను అదీ చేయలేదు, అంత పకడ్బందీగా నిలబడ్డాను. ఇంకొక సంగతి కూడా రాయాలి. అక్క నోటి నుంచి ఆ శాపం వచ్చినప్పుడు, మంచం మీద ఉన్న నా కూతురు గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. వెంటనే, అది నన్ను కాదుగా, ఆ పిల్లను కదా అన్నది అని ఊపిరి తేలికపడింది. సైన్సు చెప్పేదాన్ని. నేను తల్లిగా భయపడ్డానని సర్దిచెప్పుకోబోతాను గానీ, ఆ పిల్లా తల్లేనన్న మాట ప్రతిసారీ అడ్డొస్తుంది.

రెండు రోజుల తర్వాత జ్వరాల సర్వేకు వచ్చిన ఆవిడ మా మేడ మీదికెక్కి చూసింది. మూలన పాత కూలర్ ఉంది. దాని ట్రేలో వాన నీళ్ళు నిలిచి, అందులో దోమల తోకపురుగులు గిలగిలా తిరుగుతున్నాయి. "మేడమ్, మీరేనా కాలేజీల చెప్పేది?" అని అడిగింది. డెంగీ దోమ మురుగులో కాదు, తేట నీళ్ళలో గుడ్లు పెడుతుందని ఏటా చెబుతాను. పిల్లలు తప్పు రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుడతాను. ట్రే ఒంపేశాను. తంగేడు పొదలు ఏ పాపమూ ఎరగవని ఆ రోజు నాకు ఖాయంగా తెలిసింది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆ ఏడు అక్క కొత్తపేట మార్కెట్లో తంగేడు కట్టలు కొనుక్కొచ్చింది. ఎంత జాగ్రత్తగా పేర్చినా బతుకమ్మ ఒక పక్కకు ఒరిగినట్టే ఉంది. సద్దుల బతుకమ్మ రోజున ఎదురింటి అమ్మాయి కూడా పట్టుచీర కట్టుకుని, పాపకు లంగా జాకెట్టు వేసి, చిన్న పళ్ళెంలో బంతిపూలు పేర్చుకుని వచ్చింది. అంత మాట పడ్డాక కూడా వచ్చిందంటే ఎంత మొండి ధైర్యమో, లేక కలిసిపోవాలని ఎంత ఆశో. వలయంలో ఆమెకు అటూ ఇటూ ఖాళీ వదిలి తిరిగారు. ఆట అయ్యాక, ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం అనుకుంటూ ఆడవాళ్ళు ఒకరికొకరు సత్తుపిండి పంచుకుంటున్నారు. ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. ఎవరూ ఆమె ముందు ఆగలేదు. పాప "అమ్మా, మనకి?" అని అడుగుతోంది. నేను నాలుగడుగుల దూరంలో, నిండు డబ్బాతో ఉన్నాను. అందరి ముందూ ఆమె కొంగులో పెడితే అక్క ఏమనుకుంటుందోనని పెట్టలేదు. అందరూ వెళ్ళాక మా ఇంట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ప్లేట్లో పెట్టి ఇచ్చాను.

అక్కడి నుంచి అదే నా పద్ధతి అయింది. పదిమందిలో మాట్లాడను, చాటుగా ముద్దు చేస్తాను. అక్క ఆమె జాకెట్టు గుడ్డను "ఖాళీ లేదు" అని కుట్టకుండా వెనక్కిస్తే, నేను దిల్‌సుఖ్‌నగర్లో నాకు తెలిసిన దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాను. పాపకు రంగు పెన్సిళ్ళు కొన్నాను, ఆవకాయ సీసాలో పెట్టి పంపాను. ఆమె నన్ను మేడమ్ మేడమ్ అంటూ చుట్టుకుపోయింది. ప్రతిసారీ నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మాఘమాసంలో వాళ్ళు మీర్‌పేట్‌కు మారిపోయారు. అద్దె తక్కువని చెప్పారు. సామాన్ల ఆటో వెళ్ళే ముందు మా ఇంటికి మాత్రం వచ్చి చెప్పి వెళ్ళింది. గేటు వేశాక నాకు ఎంత హాయి అనిపించిందో, ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

పొదలు పెరికిన రోజున వాటిని రోడ్డు మూలన కుప్ప పోశారు. ఆ సాయంత్రం క్లాసు కోసమన్నట్టు నటిస్తూ ఎండు కాయలు గుప్పెడు తెంపుకున్నాను. పాపం చేసినవాళ్ళు మొక్కు మొక్కుకుంటారే, అలాంటిదే. తంగేడు గింజ పెంకు గట్టిది, ఊరికే చల్లితే ఏళ్ళ తరబడి పడుంటుంది. వేడినీళ్ళలో వేసి ఒక రాత్రంతా నాననిచ్చి, మరుసటేడు జూన్‌లో పాల కవర్లలో పెట్టాను. ఇరవైకి పద్నాలుగు మొలిచాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు పోశాను. వారంలో మొదళ్ళు నల్లబడి అన్నీ ఒరిగిపోయాయి. నీళ్ళు పోస్తే చస్తుందని అక్క చెప్పింది. తెలుసు. తెలిసీ పోశాను, ఏదో ఒకటి చేయకుండా ఉండలేక.

రెండోసారి బుద్ధిగా చేశాను. వేరు లోతుకు పోతుంది కాబట్టి అడ్డంగా కోసిన ప్లాస్టిక్ పైపు ముక్కల్లో మొరం, ఇసుక నింపి గింజలు వేశాను. కూలర్ తీసేసిన మూలనే, ఎండ తగిలేలా పెట్టాను. వారానికొకసారి తప్ప ముట్టుకోలేదు. మూడు మిగిలాయి. తీరా నాటడానికి చోటేది? వెనక ప్లాటులో అప్పటికే పిల్లర్లు లేచాయి.

కిందటేడు శ్రావణమాసంలో వానలు తెరిపిచ్చి ఎండ కాసిన ఒక మధ్యాహ్నం అక్క వడియాలు ఎండబెట్టడానికి మా మేడ మీదికి వచ్చింది. వాళ్ళింటి మీద కోతుల బెడద. పైపు ముక్కల్లో జానెడెత్తు తంగేడు మొక్కల్ని చూసి ఆగిపోయింది. వంగి ఆకులు నిమిరింది.

"నువ్వు మొలకేసినవా చెల్లె? నాకోసమా? మీ దిక్కోళ్ళకు గీ చెట్టంటే ఇంత పానమని నాకు తెల్వకపాయె. మా వాళ్ళల్ల గూడ ఎవలకు లేదు గీ ప్రేమ."

తిట్టినా భరించేదాన్ని. ఆ మెచ్చుకోలు నాకు అరగలేదు. వడియాల ప్లేటు పక్కనే గచ్చు మీద కూలబడి చెప్పేశాను. కిటికీ, ఫోటో, పాములు, ఐదు చుక్కలు, కూలర్, అన్నీ. చెప్పడం అయ్యాక ఆమె మొక్కల వైపు తిరిగింది.

"చెట్టు పోతె పోయింది. మళ్ళ మొలుస్తది, గిదిగో మొలిచింది గద" అంది నెమ్మదిగా. "మరి గా పిల్లను అన్నన్ని మాటలన్నప్పుడు నువ్వు ఆడ్నే ఉంటివి గదా. నా పక్కనే ఉంటివి."

"ఉన్నానక్కా."

"పండుగ దినం వాయినం ఇయ్యలే. పసిపోరి అడుగుతుంటె ఇనుకుంట నిలవడ్డ. పచ్చగుండవు అని తిట్టిన." నా వైపు తిరిగింది. "నా నోటితోని చేపిచ్చినవ్ గదనే పాపం. నువ్వు చేసింది నీది. నాతోని ఎందుకు చేపిచ్చినవ్?"

ఆమె వడియాల ప్లేటు ఎత్తుకుని, ఒక్కటీ ఎండకుండానే మెట్లు దిగిపోయింది. ఇన్నాళ్ళూ నా తప్పు తంగేడు విషయంలోనని, మహా అయితే ఆ అమ్మాయి విషయంలోనని అనుకుంటూ వచ్చాను. ఎంతో న్యాయంగా బతికే మనిషిని అన్యాయస్తురాలిని చేశానని ఆ రోజుదాకా నాకు తట్టలేదు. అక్క వారం రోజులు నాతో మాట్లాడలేదు. మిషన్ చప్పుడు మాత్రం గోడ అవతల నుంచి వినబడేది.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"నడువు, మీర్‌పేట్ పోదాం. సెల్లుల దుకాన్ల అడిగి ఇల్లు కనుక్కున్న."

చేతిలో కవరు. అందులో కొత్త జాకెట్టు, లంగా. అప్పుడు వెనక్కిచ్చిన గుడ్డకు బదులు తనే గుడ్డ కొని, తలలో మిగిలిన పాత కొలతతో తల్లికి జాకెట్టు, అందాజుగా పాపకు లంగా కుట్టింది. నేను గబగబా మేడ ఎక్కి ఒక తంగేడు మొక్క పట్టుకొచ్చాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది ఆడ్నే పెట్టు. చెట్టుతోని తీరేది కాదిది."

ఎల్బీనగర్ నుంచి షేర్ ఆటోలో వెళ్ళాం. మధ్యలో ఎవరో కూర్చోవడం వల్ల మాట్లాడుకోవాల్సిన అవసరం రాలేదు. రెండో అంతస్తులో ఇల్లు. తలుపు తీసిన అమ్మాయి మమ్మల్ని చూసి ముందు భయపడి, తర్వాత నన్ను గుర్తుపట్టి నవ్వింది. పాప బాగా ఎదిగింది, తల్లి వెనక నుంచి తొంగి చూస్తోంది.

అక్క కూర్చోలేదు. ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది.

"నేను తప్పు మాటలన్న బిడ్డా. కంప్లైంట్ ఇచ్చింది నువ్వు గాదని తెలిసింది. పెద్దదాన్ని, నోరు జారిన. మనసుల వెట్టుకోకు."

ఎవరిచ్చారో చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు. అది నాకు వదిలిపెట్టింది.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, కుర్చీలు లాగి, టీ పెట్టి తెచ్చింది. జాకెట్టు మడత విప్పి చూసి, ఇప్పుడు కొంచెం ఒళ్ళు చేశానని ఆమె అంటే, కుట్టు లోపల వదిలిన ఖర్చు గుడ్డ విప్పితే సరిపోతుందని అక్క అంది, ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత నా పక్కకు వచ్చి కూర్చుంది.

"ఆ గల్లీలో నన్ను నమ్మింది మీరొక్కరే మేడమ్. అందరూ ముఖం తిప్పుకుంటే మీరే ఇంట్లోకి పిలిచి పెట్టేవారు. మీకు అప్పుడే తెలుసు కదా నేను కాదని?"

అక్క టీ గ్లాసు పట్టుకుని కిటికీ బయటికి చూస్తోంది. అవును, తెలుసు అని ఒక్క మాటతో బయటపడొచ్చు. అందులో అబద్ధం కూడా లేదు.

"తెలుసమ్మా," అన్నాను. "ఎందుకంటే ఇచ్చింది నేనే."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నేను మళ్ళీ చెప్పాను. ఫిర్యాదు పెట్టింది నేనని, బండి దగ్గర ఆమెను అంటున్నప్పుడు తెలిసే తల వంచుకున్నానని. క్షమించమని అడిగాను. నా పక్కకు వచ్చి కూర్చున్నదల్లా ఆమె కొంచెం జరిగింది, అంతే.

"మా అమ్మ రోజూ ఫోన్లో ఏడ్చేదండీ, వచ్చేయమని," అంది. "ఇక్కడ నాకు అక్కలాంటి ఆవిడ ఒకరున్నారు, భయపడకు అని చెప్పేదాన్ని. మీ గురించే."

ఈసారి మేడమ్ అనలేదు. పాపను పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పాప కొత్త లంగా కావాలని పేచీ పెడుతుంటే, సాయంత్రం వేస్తానని మెల్లగా చెప్పింది. మేం లేచాం.

"ఆగండి, బొట్టు పెడతాను" అని లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. అక్క నుదుట వేలితో గుండ్రంగా దిద్ది, వంగి కాళ్ళకు దండం పెట్టింది. అక్క ఆమె తల మీద చెయ్యి పెట్టి ఏదో అంది, నాకు వినబడలేదు. తర్వాత నా ముందుకు వచ్చింది. మర్యాద తప్పలేదు. నా నుదుటి మీద మాత్రం చెయ్యి వేయలేదు. మూత తీసిన భరిణె నా వైపు చాచి, పెట్టుకోమన్నట్టు ఆగింది.

నేనే వేలు ముంచి పెట్టుకున్నాను.